సీటు కింద అశరీరవాణి

మా పెద్దదాని టైమ్‌లో పిల్లల్ని కూర్చోబెట్టే కార్ సీటు బిగించిన అనుభవం ఉంది కదా అని చిన్నోడికి కొత్త సీటు రాగానే మాన్యువల్ తీసి అవతల పడేశా. పాతది అటక మీదే ఉంది గానీ దాని వెనకాల అచ్చేసిన ఎక్స్‌పైరీ డేట్ ఎప్పుడో దాటిపోయింది. ప్లాస్టిక్కి ఎక్స్‌పైరీ ఏంట్రా, అదేమైనా మందుబిళ్లా అని మా అమ్మ. "మిమ్మల్ని ముగ్గుర్నీ ఒళ్లో కూర్చోబెట్టుకునే తిప్పా, ఎవరికేమైంది?" ఈ డైలాగ్ ఆ రోజుకి అప్పటికే నాలుగోసారి.

మాన్యువల్ వద్దనుకున్నా గానీ లోపల కాస్త భయం ఉంది, అందుకని ఫోన్లో ఒక వీడియో పెట్టుకుని కార్లోకి దూరి, కారు సీటు మడతలో పిల్లల సీటు తగిలించే ఆ ఐసోఫిక్స్ కడ్డీలు ఎక్కడ చచ్చాయో తడుముకుంటూ, తల రూఫ్‌కి ఆనించి, రెండు చేతులూ కావాలి కాబట్టి ఫోన్ పక్కన పెట్టి, ఒంట్లో బరువంతా వేసి తోశా. టక్కు, టక్కు. రెండు వైపులా ఆకుపచ్చ గుర్తు! పట్టుకుని ఊపితే అంగుళం కూడా కదల్లేదు. పెద్దదాని బొమ్మని కూర్చోబెట్టి పట్టీ గిల్లి చూశా, వేళ్ల మధ్య మడత కూడా పడలేదు. కాలర్ ఎగరేశా.

మా ఆవిడ వచ్చి చూసి, "ముందుకి తిప్పారేంటండీ?" అంది.

"9 కేజీలు దాటాడుగా, పెద్దదాన్నీ అప్పుడే తిప్పాం."

"అది పిల్లల సీట్ల పాత సేఫ్టీ రూల్, ఆర్44 లెక్క, బరువు చూసేది. ఇది ఆర్129 సీటు, ఆ రూల్ 2013లోనే వచ్చింది, ఇందులో ఎత్తు చూస్తారు, 15 నెలలు దాటేదాకా మొహం వెనక్కే ఉండాలి. వీడికి 13. తల బరువు, మెడ లేత, గుద్దుకుంటే ఆ దెబ్బ వీపంతా పంచుకోవాలి గానీ మెడ ఒక్కటే మోస్తుందా?"

ఈవిడ మాన్యువల్ ఎప్పుడు చదివిందో నాకు తెలీదు.

"పోనీ ముందు సీట్లో పెట్టండే, నా కళ్లెదురుగా ఉంటాడు" అంది అమ్మ. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంది, వెనక్కి తిరిగిన సీటు దాని ముందు అస్సలు పెట్టకూడదు అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆ రోజు మేమిద్దరం ఏకాభిప్రాయానికొచ్చింది అదొక్కటే.

సరే, ఊడదీయాలి. ఎలా ఊడుతుందో వీడియోలో చివర్న ఉంది. ఫోనేది? జేబులు వెతికా, డిక్కీ వెతికా.

"నాన్నా, సీటు మాట్లాడుతోంది" అంది పెద్దది.

వీడియో అయిపోయి మళ్లీ మొదట్నుంచి మొదలైనట్టుంది, ఆ బిగుసుకుపోయిన సీటు కిందనుంచి చాలా మర్యాదగా ఒక గొంతు, "బిగించే ముందు కింద ఏ వస్తువూ లేకుండా చూసుకోండి" అంటోంది.

ఇక మాన్యువలే గతి అని ఇంట్లోకి పరిగెత్తా. అది చిన్నోడి చేతిలో ఉంది, ఊడదీసే పేజీ నోట్లో ఉంది.

మా అమ్మ ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని, ఒళ్లు దులుపుకుని కూర్చుంది.