లావైనవాళ్ల గొంతెమ్మ కోరికలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లలో ఈమధ్య ఒక దుర్లక్షణం ప్రబలుతోంది. కాస్త ఒళ్లున్న మనుషులు డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ జబ్బుతో వచ్చారో ఆ జబ్బుకే వైద్యం చేయమంటున్నారు. దీన్ని మొగ్గలోనే తుంచాలి.

మా వీధిలో ఒకావిడ చెవిపోటుతో క్లినిక్కుకు వెళ్లింది. డాక్టరుగారు తల ఎత్తకుండానే "ముందు బరువు తగ్గండమ్మా" అన్నారు. "తగ్గుతాను గానీ బాబూ, ఈలోగా ఆ చెవొకసారి చూసీయండి" అందట! ఎంత తెగింపు! మోకాలి నొప్పికీ, దగ్గుకీ, పిప్పిపన్నుకీ ఒక్క సలహాతోనే ప్రాక్టీసు సాఫీగా సాగుతుంటే చెవిలోకి తొంగిచూడటం దేనికి?

తూకం నలుగురిలో చూడొద్దన్నది మరో కోరిక. కాంపౌండరు "నబే కేజీ" అని ఒడియాలో కేకేసి, వరండాలోని తెలుగువాళ్లు చిన్నబుచ్చుకోకుండా "తొంభై కేజీలు" అని మళ్లీ కేకేస్తాడు. 1936లో ఒడిశా ఏర్పడింది మొదలు తెలుగు బడి నిలబెట్టండి, తెలుగు పంతుల్ని వేయండి అని దరఖాస్తులు పెట్టుకుంటూనే ఉన్నాం. అడక్కుండా మన భాషలో వినిపిస్తున్న ప్రకటన ఇదొక్కటే. దాన్నీ ఆపించేస్తారా?

చేతుల్లేని కుర్చీ కావాలట. వెడల్పాటి బీపీ పట్టీ కావాలట. లావు చేతికి ఇరుకు పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందట. నిజమే, కాదనను. కానీ పట్టీ కొంటే ఖర్చు ఆసుపత్రిది, బీపీ బిళ్లలు కొంటే ఖర్చు రోగిది. ఇందులో ఆలోచించడానికేముంది?

ఇక బీఎంఐ, అంటే బరువునీ ఎత్తునీ కలిపి తేల్చే అంకె. ఈ సూత్రం వేసిన క్వెట్లే డాక్టరు కాడు, బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త. 1830ల్లో జనాభా సగటు తేల్చడానికి వేసిన లెక్క ఇది. అయితేనేం? పెళ్లికీ గృహప్రవేశానికీ నక్షత్రాలు చూసేవాడినే అడుగుతాం కదా, ఒంటి సంగతి అడిగితే తప్పా? పైగా బీఎంఐ 26 ఉన్న మనిషి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కాస్త బరువెక్కువ, 25 దగ్గరే గీత గీసిన మన దేశపు లెక్కలో స్థూలకాయుడు. గీతకి ఎటువైపు పడ్డామో అన్న టెన్షన్ సరిహద్దు మనుషులమైన మనకు కొత్తా? 2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన కమిషన్ పెద్దలు ఆ ఒక్క అంకెతో జబ్బని తేల్చొద్దు, నడుము కొలవండి, అవయవాలు ఎలా పనిచేస్తున్నాయో చూడండి అన్నారు. నడుము కొలవాలంటే టేపు కావాలి. టేపు దర్జీ దగ్గరుంది.

బరువు మాట ఎత్తేముందు "మాట్లాడొచ్చా" అని అడగాలట కూడా! పెళ్లి పందిట్లో మేనత్త అడిగిందా? పలాసలో రైలెక్కిన ఎదుటి సీటాయన అడిగాడా?

అన్నిటికీ మించి, ఊబకాయం కూడా బీపీ, షుగరులాగా ఏళ్ల తరబడి చూడాల్సిన జబ్బని వీళ్ల వాదన. తిండి తగ్గిస్తే ఒళ్లే ఎదురుతిరిగి ఆకలి పెంచుతుందట. స్టెరాయిడ్లు, ఇన్సులిన్ లాంటి మందులతోనూ బరువు పెరుగుతుందట. బిళ్ల మానేశాక బీపీ పెరిగితే మందు మంచిదంటాం. బరువు తగ్గించే ఇంజక్షన్ మానేశాక బరువు పెరిగితే నోరు కట్టుకోలేదంటాం. ఈ తేడా ఏ వైద్యగ్రంథంలో ఉందని నన్నడక్కండి.

ఇంజక్షనంటే గుర్తొచ్చింది. వారానికోసారి పొడుచుకునే మౌంజారో 2025లో మన దేశంలోకి వచ్చింది. మందుల షాపులో దాని ధర అడిగి ఇంటికొస్తే రెండు రోజులు ముద్ద దిగదు. కొనకుండానే పనిచేసే మందు ఇంకొకటి నేనెరగను.