సవరణ: ఇంటిపని చోట వేధింపు జరిగితే ఫిర్యాదు ఏ జిల్లాలో ఇవ్వాలి?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి విశాఖ, హైదరాబాద్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల కోసం పెట్టిన కిందటి పోస్టులో, లైంగిక వేధింపు జరిగితే 3 నెలల్లోగా సొంత జిల్లా స్థానిక కమిటీకి (పనిచోట లైంగిక వేధింపు ఫిర్యాదులు వినడానికి జిల్లాలో పెట్టే కమిటీ) ఫిర్యాదు చేయాలని, గడువు దాటితే ఇక దారి లేదని ఉంది. ఆ రెండూ ఇలా మార్చి చదవండి.

పనిచోట మహిళలపై లైంగిక వేధింపును నిరోధించే 2013 చట్టం ప్రకారం యజమాని ఇల్లు కూడా పనిచోటే. కమిటీ అధికారం దాని జిల్లా వరకే కాబట్టి ఆ ఇల్లున్న జిల్లా కమిటీకే ఇవ్వాలి. రాయడం రాకపోతే సాయం చేయడం కమిటీ బాధ్యత. తగిన కారణం ఉంటే గడువు ఇంకో 3 నెలలు పెంచవచ్చు.

పోలీసు కేసుకు ఈ 3 నెలల లెక్క వర్తించదు. అత్యాచారానికైతే కాలపరిమితే లేదు. ఊరికొచ్చాక ఇక్కడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) ఇవ్వవచ్చు. "అక్కడ జరిగింది, అక్కడికే పోండి" అంటే చెల్లదు. పోలీసులు ఒడియాలో రాసుకుంటే చదివించుకుని, అర్థం చెప్పించుకున్నాకే సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం అత్యాచారం జరిగినప్పుడు వేసుకున్న బట్టల దగ్గర జరుగుతోంది. ఉతక్కండి, పాలిథిన్ కవర్లో పెట్టకండి: తడి ఆరక బూజు పట్టి ఆధారం పాడవుతుంది. నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టండి. స్నానం చేసేసినా సరే, ఆసుపత్రికి వెళ్లండి. అత్యాచార బాధితురాలికి ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే, ఉచితంగా వైద్యం చేయాల్సిందే. ముందు ఎఫ్ఐఆర్ తెమ్మనకూడదు.