అద్దె అడగలేదు, ఊరికే పలకరించాను

కరోనా కాలంలో అద్దెకుండేవాళ్లను ప్రభుత్వాలు గాలికొదిలేశాయని ఇప్పటికీ కొందరు అంటుంటారు. ఇది అన్యాయం. ప్రభుత్వాలు కాపాడాయి. కాగితం మీద, సంతకంతో, విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్లతో సహా కాపాడాయి.

ఓనర్లను కూడా మనం సరిగా అర్థం చేసుకోలేదు. 2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు దేశమంతా డాక్టర్ల కోసం చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. రెండు రోజులు తిరక్కుండానే ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్ల సంఘం, ఓనర్లు తమవాళ్లను ఇళ్లలోంచి పొమ్మంటున్నారని హోంమంత్రికి ఉత్తరం రాసింది. ఇందులో వింతేముంది? చప్పట్లు కొట్టింది డాక్టరుకి. పొమ్మన్నది పై పోర్షన్‌లో అద్దెకున్నాయనను. ఆ ఇద్దరూ ఒక్కరే అయితే అది ఓనరు తప్పా?

హైదరాబాద్ మాత్రం ఏం తక్కువ తింది? మార్చి 25, శార్వరి నామ ఉగాది. ఇంట్లోంచి కదలొద్దని దేశమంతటికీ చెప్పిన మొదటి రోజు. ఆ రోజే అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు హాస్టళ్లు పిల్లల్ని బ్యాగులు సర్దుకోమన్నాయి. వాళ్లు వెళ్లి పోలీస్ స్టేషన్ల ముందు, ఒకళ్ల వీపుకి ఒకళ్లు ఆనుకుని, ఊరెళ్లి భౌతిక దూరం పాటించడానికి కావాల్సిన పాసుల కోసం క్యూ కట్టారు. పాసులిచ్చారు కూడా. తీరా జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టుకి చేరితే ఆ కాగితం ఆంధ్రాలో చెల్లదన్నారు. వెనక హాస్టల్‌కి తాళం, ముందు బారికేడు. హాస్టళ్లు ఎవర్నీ ఖాళీ చేయించకూడదని తెలంగాణ అధికారులు చాలా గట్టిగా హెచ్చరించారు. ఆ హెచ్చరిక వచ్చేటప్పటికి ఖాళీ చేసినవాళ్లు బ్యాగుల మీద కూర్చుని ఉన్నారు, అంతే.

మార్చి 29న కేంద్రం రంగంలోకి దిగింది. కూలీల దగ్గర నెల రోజుల పాటు అద్దె అడగొద్దు, కూలీలనూ విద్యార్థులనూ బలవంతంగా ఖాళీ చేయిస్తే చర్య తప్పదు అంది. మే 18 నుంచి ఆ ఆదేశాన్ని ఎత్తేశారు. వైరస్‌కి ఆ సర్క్యులర్ కాపీ అందినట్టు లేదు.

ఈలోగా ఏప్రిల్ 19న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ఇంకో మెట్టు పైకెక్కారు. మార్చి, ఏప్రిల్, మే నెలల అద్దె ఇప్పుడు అడగొద్దు, తర్వాత వాయిదాల్లో వడ్డీ లేకుండా తీసుకోండి, ఎవరైనా వేధిస్తే 100కి ఫోన్ చేయండి అన్నారు. ఇది మాఫీ కాదు, వాయిదా. నెలకి 8,000 అద్దె కట్టే టైలరు షాపు మూసుకుని ఇంట్లో కూర్చుంటే, ఆయనకి ప్రభుత్వం చేసిన సాయం 24,000 బాకీ. వడ్డీ లేదన్నది నిజమే, ఆ మేరకు మెచ్చుకోవాలి. హోమ్ లోన్ ఉన్న ఓనరుకైతే బ్యాంకు మారటోరియం, అంటే కంతులు కొన్నాళ్లు ఆపుకునే వెసులుబాటు ఇచ్చి, దాని మీద వడ్డీ కూడా వేసింది. అద్దె డబ్బుతోనే మందులు కొనుక్కునే పెద్దవాళ్ల సంగతి ఎవరికీ గుర్తే రాలేదు. వాళ్ల గురించి వెటకారం చేయడానికి నాకు నోరు రావడం లేదు.

మిగతా ఓనర్లు ఆదేశాన్ని అక్షరాలా పాటించారు. అద్దె అడగొద్దన్నారు, అడగలేదు. ఒకటో తారీకున వాట్సాప్‌లో వెంకటేశ్వరస్వామి ఫోటోతో గుడ్ మార్నింగ్ పెట్టారు. మూడో తారీకున అదే స్వామి, కింద రెండు దండాలు. అయిదో తారీకున గేటు దగ్గర నిలబడి, “ఏం బాబూ, ఒంట్లో బాగుందా? జీతం పడిందా?” ఆరో తారీకు నుంచి నీళ్ల మోటారు కాలిపోయింది, పై వాటాకి మాత్రమే. ఆ తర్వాత అమెరికా నుంచి అమ్మాయి వచ్చేస్తోందని, పోర్షన్ కావాలని కబురు. విమానాలన్నీ ఆగిపోయిన నెలలో ఎంతమంది అమ్మాయిలు బయల్దేరారో లెక్కలేదు. ఇందులో 100కి ఫోన్ చేసి చెప్పడానికి నేరమేముంది? “సార్, మా ఓనరు నా ఆరోగ్యం అడుగుతున్నారు” అనాలా?

అందుకే 2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ మోడల్ టెనెన్సీ చట్టాన్ని, అంటే అద్దెల నమూనా చట్టాన్ని ఆమోదించింది. విపత్తులో అగ్రిమెంటు గడువు ముగిసినా, ఆ విపత్తు తగ్గిన నెల రోజుల దాకా అద్దెకున్నవాళ్లను పాత షరతుల మీదే ఉండనివ్వాలట. మోడల్ కాబట్టి ఇష్టమైన రాష్ట్రం తెచ్చుకోవచ్చు, లేకపోతే చూసి మెచ్చుకోవచ్చు. దాని ప్రకారం రాతపూర్వక అగ్రిమెంటు తప్పనిసరి, అద్దెల వ్యవహారం చూసే రెంట్ అథారిటీకి తెలపడం కూడా తప్పనిసరి. టూ-లెట్ బోర్డు చూసి లోపలికెళ్లి, అడ్వాన్స్ మాట్లాడుకున్నాక ఓనరు గారిని ఆ కాగితం అడిగి చూడండి. కళ్లజోడు సర్దుకుని, “మీరేమన్నా లాయరా బాబూ?” అంటారు. కాదని వెంటనే చెప్పేయండి. లాయర్లకి ఇల్లివ్వరు.