తేటనీటి వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పర్వత సరస్సు తేటనీటి వారికి,

అడుగున రాయి కూడా అద్దంలో ఉన్నట్టు కనిపిస్తోందని వచ్చినవాళ్లంతా మిమ్మల్ని ఫొటో తీసుకుపోతున్నారు. పుట్టుకతోనే తేటగా ఉన్న సరస్సులతో మాకు పేచీ లేదు. ఈ లేఖ, ఆమ్లం తాగి ‘తేరుకున్న’ మీకే.

గ్రానైట్ కొండమీద ఆమ్లవర్షాన్ని విరిచేందుకు సున్నపురాయి లేదు, మట్టీ పలచనే. పీహెచ్ (నీటి ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కిందికి జారితే మట్టిలో గమ్మున పడున్న అల్యూమినియం కరిగి మీలోకి దిగుతుంది. చేపల మొప్పలకు పడుతుంది. నీటికి గోధుమరంగునిచ్చే ఆకుల కషాయాన్ని, నాచుకు తిండి అయిన ఫాస్ఫరస్‌ను అడుక్కి లాక్కుపోతుంది. అదండీ మీ మెరుపు గుట్టు!

నాచు మేసే చిన్న నీటిజీవి డాఫ్నియా ఉండేది కదా, మిల్లీమీటరో రెండో పొడవు. పెంకు విడిచిన ప్రతిసారీ దాని కాల్షియం చాలావరకు పోతుంది, మళ్లీ నీళ్లలోంచే తోడుకోవాలి. పీహెచ్ 6 దిగితే ఆ తోడుకోవడం కష్టం, ఒంట్లో సోడియం కూడా కారిపోతుంది. కెనడాలో 1976 నుంచి 223వ నంబరు సరస్సులో కావాలనే ఆమ్లం పోస్తూ చూశారు. పీహెచ్ 6 దగ్గరికి వచ్చేసరికే చిన్న రొయ్యజాతి మైసిస్ కుప్పకూలింది. పెద్ద చేపలు మాత్రం ఈదుతూనే ఉన్నాయి, తిండి లేక చిక్కిపోయింది తర్వాత. పైన పటారం అంటే ఇదే.

వేసవి మధ్యాహ్నం ఒక సీసా నీళ్లు పట్టి ‘పీహెచ్ బాగుంది’ అనిపించుకోవడం మీకు అలవాటు. నాచు ఆహారం తయారుచేసుకునే వేళ పీహెచ్ ఎలాగూ పెరుగుతుంది. మిమ్మల్ని పట్టుకోవాల్సింది మంచు కరగడం మొదలైనప్పుడు: శీతాకాలమంతా పోగైన ఆమ్లంలో ఎక్కువ భాగం మొదటి నీళ్లలోనే వస్తుంది. సున్నా డిగ్రీల ఆ నీరు 4 డిగ్రీల నీటికన్నా తేలిక. అందుకే మంచుపొర కింద పైపైనే పాకి, ఒడ్డు పక్క గుడ్లను ముందు ముంచుతుంది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదింతలని వేరే చెప్పాలా? క్షారత, అంటే ఆమ్లాన్ని విరిచే శక్తి, కూడా కొలవాలి, అది సున్నాకు చేరాక పీహెచ్ పడటానికి ఎంతోసేపు పట్టదు.

సున్నం చల్లితే సరి అంటారు కొందరు. చల్లిన చోట అల్యూమినియం గడ్డకట్టే కాసేపూ మొప్పలకు మరీ ప్రమాదం. పైనుంచి వాగు ఆమ్లం తెస్తూనే ఉంటే మళ్లీ మొదటికే.

మీ బురదలో డాఫ్నియా గుడ్లు జీను ఆకారపు నల్లటి పెట్టెల్లో ఉన్నాయి. దశాబ్దాల తర్వాత కూడా పొదగగలవు. ఆమ్లవర్షం తెచ్చే గంధకం తగ్గితే ఆకుల రంగు మళ్లీ దిగుతుంది, ఫొటోలో ఇంత నీలంగా రాకపోవచ్చు, ముందే చెబుతున్నాం.

ఇట్లు,
బురదలో గుడ్లు లెక్కపెట్టేవాళ్లు