అటక మీది ట్రంకు పెట్టెకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ట్రంకు పెట్టె గారికి,

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు. ఇల్లు కారినా, దూలాలకు చెద పట్టినా, తమ కడుపులోని ఉత్తరం చెక్కుచెదరదని ప్రతి సస్పెన్స్ నవలా చెబుతూనే ఉంది.

మొన్న చదివిన నవల గురించే నా గోడు. కుటుంబ రహస్యాల కథ. పినాకిని ఎక్స్‌ప్రెస్‌ రైల్లో, ఒంగోలులో తెరిస్తే కావలి దాటేదాకా తలెత్తలేదు. అందులో తల్లి శుభలేఖల మూలలకు పసుపు రాస్తుంటుంది. ఒకదానికి పసుపు రాసి, పేరు రాయకుండా కట్ట అడుగున పెట్టేస్తుంది. పక్కనున్న ఆడపడుచు చూసీ చూడనట్టు "కాఫీ పెట్టనా వదినా?" అంటుంది. అంతే! ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ముందు ఎవరు నోరు జారుతారా అన్నదే టెన్షన్. బాబాయి పాత్ర కూడా బాగా కుదిరింది. నవ్వుతూనే ప్రోనోటు మీద సంతకం పెట్టించుకునే రకం. అలాంటి వాళ్లు మాకేం కొత్త కాదులెండి.

బిట్రగుంట దాటిందో లేదో, తమరు అటక దిగారు. లోపల తాతగారి రిజిస్టరు వీలునామా, దానికి తోడు మూడు పేజీల ఉత్తరం. ఆ వీలునామా సంగతి హీరో ముందే ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో, చూశాడట! ఎలా చూశాడండీ? రిజిస్ట్రారు ఆఫీసులో వీలునామాలు ఎక్కేది మూడో పుస్తకంలో. ఈసీకి ఎక్కేవి ఒకటో పుస్తకంలోని అమ్మకాలు, తనఖాల వంటివి. డాక్యుమెంటు రైటరు బల్ల దగ్గర కాసేపు కూర్చున్నవాడెవడైనా ఈ మాట చెబుతాడు. పైగా పిత్రార్జితం మొత్తం కొడుక్కే రాసేశాడట తాత. తన వాటా దాటి రాయడానికి ఆయనకు హక్కెక్కడిది? ఆడపిల్లలకూ అందులో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది కదా.

అయినా మా వైపు ఆస్తి గొడవ పెట్టెలో దాగుతుందా? పెళ్లి భోజనాల్లో రెండో బంతి లేచేలోపు ఊరంతటికీ తెలిసిపోతుంది.

రెండో భాగం ఉందని ఆఖరి పేజీలో వేశారు. ఆ వదినా ఆడపడుచుల కోసం తప్పకుండా కొంటాను. తమరు మాత్రం ఇత్తడి గిన్నెలు, పాత రగ్గులు దాచుకుని అటక మీదే ఉండండి. మిగతా సంగతి ఆ ఆడపడుచు నోటే వింటాం.

ఇట్లు,
తమ తాళంచెవి అక్కర్లేని
ఒక పాఠకుడు