వీసాకి ముందు చీమల లెక్క

విదేశాన్ని ఎంచుకోవడంలో మన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఒక పద్ధతంటూ లేకపోవడం నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతున్న ఏ తండ్రినైనా పట్టుకుని, మీ అబ్బాయిని కెనడాకే ఎందుకు పంపారని అడగండి. ఎదురింటివాళ్ల కుర్రాడు వెళ్లాడు కదా అంటాడు. ఎదురింటాయన్ని అడిగితే తన వియ్యంకుడి తమ్ముడి కొడుకు పేరు చెబుతాడు. ఇలా తీగ లాగుతూ పోతే డొంకలో ఎక్కడో ఒక కన్సల్టెన్సీ బోర్డు దొరుకుతుంది. దాని మీద ఒక మంచుకొండ, కొండ ముందు నల్లగౌను వేసుకుని టోపీ గాల్లోకి విసురుతున్న అమ్మాయి. మైనస్ ముప్పై డిగ్రీల చలి ఫొటోలో పడదు కదా.

దక్షిణ అమెరికా అడవుల్లో దండుచీమలని ఉంటాయి. వాటికి చూపు దాదాపు ఆనదు. ముందు పోయిన చీమ వదిలిన వాసన పట్టుకుని వెనకది నడుస్తుంది. ఒక్కోసారి దండులోంచి తప్పిపోయిన గుంపు తన వాసననే తాను పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. అలసి చచ్చేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది. గయానాలో విలియం బీబ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఇలాంటి సుడి ఒకటి చూశాడు. చుట్టుకొలత సుమారు 365 మీటర్లు. ఒక చీమ ఒక చుట్టు తిరిగి రావడానికి రెండున్నర గంటలు. ప్రతి చీమా తన ముందున్నదాన్ని నమ్మింది. ముందున్నది వాళ్ల ఎదురింటి చీమ.

కాబట్టి ప్రజాహితం దృష్ట్యా ఒక కొత్త కొలమానం ప్రతిపాదిస్తున్నాను. జీతం, పీఆర్, భార్యకు వర్క్ పర్మిట్, పది మైళ్లలో వేంకటేశ్వరస్వామి గుడి, ఇవన్నీ తర్వాత. ముందు ఆ దేశంలో ఎన్ని రకాల చీమలున్నాయో చూడాలి.

ఈ ఘనత నాది కాదు, విజయనగరంలో ఉండే మా మేనల్లుడిది. తొలకరి వాన పడ్డ సాయంత్రం వీధి లైటు కింద రెక్కల చీమలు రాలుతాయి చూశారూ, వాటిలోంచి వాడు రాణుల్ని ఏరి టెస్ట్ ట్యూబుల్లో పెంచుతాడు. ట్యూబు అడుగున కాసిని నీళ్లు, నీళ్లకు అడ్డంగా దూది, దూదికి ఇవతల రెక్కలు రాల్చేసుకున్న రాణి, దాని పక్కన నువ్వుగింజకంటే చిన్న తెల్ల గుడ్లు. మూతిలో ఇంకో దూది ఉండ. వారాల తరబడి దానికి తిండి పెట్టక్కర్లేదు. ఎగరడానికి వాడిన కండరాలనే కరిగించుకుని తొలికాన్పు పిల్లల్ని పెంచుకుంటుంది. ఈ ట్యూబుల్ని చూసి మా అక్క, బావగారి షుగర్ టెస్టు శాంపిళ్లనుకుని ఫ్రిజ్‌లో పెట్టబోయింది.

ఇంజనీరింగ్ అయింది, ఏ దేశం వెళ్తావురా అని అడిగితే వాడు, చీమలు ఎక్కువున్న దేశానికి అన్నాడు. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. మా అమ్మే ముందు తేరుకుంది. "చీమల కోసరం ఆ దేశం ఎల్లాలేట్రా నాయినా? పంచదార డబ్బా మూత తీసి ఒగ్గీ, ఆటికవే వస్తాయి" అంది.

పెద్దల మాట పెడచెవిన పెట్టడం మన ఆచారం కనుక కుటుంబ సభ సమావేశమైంది. అధ్యక్షత మా బావగారిది.

ముందు బ్రిటన్ ఫైలు తీశాం. దేశం మొత్తం మీద సొంత చీమజాతులు సుమారు యాభై. పెరూలోని తంబోపాటా అడవిలో ఒకే ఒక చెట్టు మీద దొరికిన చీమల్ని చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ వేరుచేసి లెక్కిస్తే 43 జాతులు తేలాయి. అంటే రెండొందల ఏళ్లు మనల్ని ఏలిన దేశం కాస్త అటూ ఇటూగా ఒక చెట్టుకు సమానం. మా బావగారికి స్వాతంత్ర్యం రెండోసారి వచ్చినంత ఆనందమైంది. ఐస్‌లాండ్‌కు సొంత చీమంటూ లేదు. అంత పచ్చగా కనిపించే హవాయి దీవుల్లోనూ మనుషులు మోసుకొచ్చినవి తప్ప స్థానిక చీమ ఒక్కటీ లేదు. ఆ రెండింటినీ చర్చ లేకుండానే తిరస్కరించాం.

అమెరికా దగ్గర సభ వేడెక్కింది, డాలస్‌లో మావాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి. వాళ్ల ఇళ్ల ముందు పచ్చికలో ఉండే నిప్పుచీమ దక్షిణ అమెరికాది. 1930ల్లో అలబామాలోని మొబైల్ రేవులో ఓడ దిగింది. లాటరీ లేదు, స్టాంపింగ్ లేదు, 2025లో హెచ్-1బీ మీద పెట్టిన లక్ష డాలర్ల రుసుమూ లేదు. దక్షిణ రాష్ట్రాల్లో ఇవాళ అది లేని మైదానం వెతుక్కోవాలి. మనవాళ్లు పదిహేనేళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి ఉంటే, సరిగ్గా వాళ్ల కాళ్ల కింద ఇది మునిమనవళ్లను ఎత్తుకుంటోంది. పరువు తక్కువ వ్యవహారమని అమెరికాను పక్కన పెట్టాం.

ఆస్ట్రేలియాకు అన్ని అర్హతలూ ఉన్నాయి. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఒక్కదాన్లోనే వెయ్యికి పైగా చీమజాతులు. బుల్ చీమలని పిలిచే పెద్ద కళ్ల జాతులు దాదాపు అన్నీ ఆ ఖండంలోనే ఉంటాయి. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. టాస్మేనియాలో ఆ ఆజ్ఞ శాశ్వత ప్రాతిపదికన జారీ అయిపోయింది. అక్కడి జాక్ జంపర్ చీమ కుడితే కొందరికి ప్రాణం మీదికే వస్తుంది. దాని విషానికి ఒంటిని అలవాటు చేసే ఇంజెక్షన్ల కార్యక్రమమే నడుస్తోంది. ఇక డైనోసార్ చీమ సంగతి చెప్పాలి. 1931లో ఒకసారి దొరికి మాయమైపోయింది. శాస్త్రవేత్తలు దాని కోసం పశ్చిమ ఆస్ట్రేలియాలో గాలించారు. చివరికి 1977లో వాళ్లెవరూ అనుకోని దక్షిణ ఆస్ట్రేలియాలో, పూచేరా అనే చిన్న ఊరి దగ్గర, ఒక చలిరాత్రి రాబర్ట్ టేలర్ బృందానికి దొరికింది. ఆ ఊళ్లో ఇప్పుడు చీమకు విగ్రహం ఉంది. ఏ జంక్షన్‌లో ఏ నాయకుడి విగ్రహం పెట్టాలో తేలక కోర్టులకెక్కే మనవాళ్లు ఈ పద్ధతి పరిశీలించవచ్చు. చీమకు కులం లేదు. కనీసం నిన్నటి వరకూ లేదు.

వచ్చిన చిక్కల్లా పెళ్లి సంబంధాల దగ్గరే. మధ్యవర్తి ఫోన్లో ఎలా చెప్పాలో మా అక్క రిహార్సల్ వేయించింది. "అబ్బాయి క్వీన్స్‌లాండ్‌లో అండీ." "ప్యాకేజీ ఎంత?" "వెయ్యికి పైనే." "నెలకా, వారానికా?" "జాతులండీ."

ఆస్ట్రేలియా కూడా మనవాణ్ని పరీక్షిస్తుంది లెండి. వయసు, చదువు, ఇంగ్లిషు, అనుభవం కలిపి కనీసం 65 పాయింట్లు రావాలి, వయసు 45 నిండకూడదు. ఇక్కడే మా సభకు ఇబ్బంది ఎదురైంది. క్వీన్స్‌లాండ్ వాళ్లు గొప్పగా చూపించే చీమల్లో ఒకటి ఆకులు కుట్టి గూడు కట్టేది. శాస్త్రీయ నామం ఈకోఫిల్లా స్మరాగ్డినా. అక్కడ దాని పొట్ట ఆకుపచ్చగా ఉంటుంది, మన దగ్గర ఇటుకరంగులో. జాతి మాత్రం ఒకటే. సోంపేట జీడితోటలో లుంగీలోకి దూరేది సాక్షాత్తూ ఇదే. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్ష రాయకుండా రెండు దేశాల్లోనూ ఉంటోంది.

దాన్ని పని మీద ఉన్నప్పుడు చూడాలి. పదిపదిహేను చీమలు ఒక ఆకు అంచును కాళ్లతో తన్నిపట్టి, పక్క ఆకు అంచును దవడలతో కరిచి దగ్గరికి లాగుతుంటాయి. ఆకు మరీ దూరమైతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. రెండు అంచులూ కలిశాక లోపల్నుంచి ఇంకో చీమ తమ పిల్లపురుగును నోట కరుచుకుని వస్తుంది. ఆ పురుగు నోట్లోంచి పట్టుదారం తీస్తుంది. దాన్ని ఈ అంచుకొకసారి, ఆ అంచుకొకసారి తాకిస్తూ ఆకుల్ని కుట్టేస్తాయి. పొందూరు మగ్గం మీద నాడె ఆడినట్టే ఉంటుంది, కాకపోతే ఈ నాడెకు ప్రాణం ఉంది. మనల్ని కుట్టేటప్పుడూ ఇదే పనితనం. ముందు కొరుకుతుంది, తర్వాత పొట్ట చివర వంచి ఆ గాటు మీద ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది.

చైనాలో క్రీ.శ. 304 నాటికే ఈ గూళ్లను బజార్లో కొనుక్కెళ్లి నారింజ తోటల్లో పురుగుల మీదకు వదిలేవారు. ఉత్తర ఆస్ట్రేలియా జీడితోటల్లో టీ దోమ అనే చీడపురుగు మీదకు దీన్నే ప్రయోగించారు. పక్కనే ఒడిశా మయూర్‌భంజ్‌లో దీన్ని నూరి చేసే పచ్చడికి 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన తోటల్లో దీనికి దక్కే గుర్తింపు పొడుగు కర్రకు కట్టిన కాగడా.

ఇక్కడ కాల్చేదాన్ని అక్కడికెళ్లి చూడ్డానికి ముప్పై లక్షలు అప్పు చేయాలా అని బావగారు నిలదీశారు. మావాడు తడుముకోకుండా, "అక్కడ పొట్ట ఆకుపచ్చ, నాన్నా" అన్నాడు. ముప్పై లక్షలకు కనీసం రంగైనా మారుతోంది. కన్సల్టెన్సీలు చెప్పే కారణాలన్నిటికంటే ఇందులో పారదర్శకత ఎక్కువని నేను సభలో నా అభిప్రాయం నమోదు చేయించాను.

బ్రూనైని కాసేపే పరిశీలించాం. అక్కడ 2018లో కొత్తగా నమోదైన ఒక చీమ, శత్రువు తమ గూటి మీదికొస్తే తన పొట్టను తానే పగలగొట్టుకుని, పసుపుపచ్చ జిగురు వాడి మీద కక్కి చచ్చిపోతుంది. ఉమ్మడి కుటుంబమంటే అదీ అని బావగారు కళ్లు తుడుచుకున్నారు. కెన్యా మీద ఆశ ఉండేది. అయితే 2025లో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు అయిదు వేల రాణిచీమల్ని సరిగ్గా మావాడిలాగే ట్యూబుల్లో దూది పెట్టి దాచి దొరికిపోయారు. కోర్టు ఒక్కొక్కరికి పది లక్షల షిల్లింగుల జరిమానా వేసింది, కట్టకపోతే ఏడాది జైలు. మా అక్క ఆ రాత్రే ట్యూబులన్నీ లెక్కపెట్టింది.

చీమలతో ఆగితే బాగుండేది. వన్యప్రాణుల మధ్య బతకాలన్నది మావాడి రెండో కోరిక. ఇది వాడొక్కడిదే కాదు. ఆఫ్రికా సఫారీ వీడియోలు చూసి నిట్టూర్చేవాళ్లు మన పట్టణాల్లో బాగా పెరిగారు. వీళ్లందరికీ వీసాకు ముందు ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ తప్పనిసరి చేయాలని నా రెండో ప్రతిపాదన. నిన్నటిదాకా విజయనగరం జిల్లాలో ఉండి 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్లిన కొమరాడ, జియ్యమ్మవలస మండలాల్లో పోస్టింగ్ ఇవ్వాలి. ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగుల గుంపు అక్కడ చేతికొచ్చిన వరినీ అరటినీ తొక్కుతుంటే, అప్రెంటిస్ ఆ రైతు పక్కన గట్టు మీద నిలబడి జీవవైవిధ్యం మీద ఆయనకు నాలుగు మాటలు చెప్పాలి. రైతు జవాబును యథాతథంగా రికార్డు చేయాలి.

రెండో విడత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. అక్కడ చీమలమీద నిజమైన అధికారి ఎలుగుబంటి. దానికి పై పళ్ల వరసలో ముందువి రెండు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదపురుగుల్నీ చీమల్నీ గాలితో సహా జుర్రేస్తుంది. ఇంతటి ప్రత్యేక అర్హతకు ఏ దేశమూ పాయింట్లివ్వదు. జీడిపండు కాలంలో తోటకెళ్లేవాళ్లు దానికి ఎదురుపడకుండా గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళతారు. కొందరు తిరిగిరాలేదు కూడా, అందుకే ఈ భాగంలో ఎక్కువ హాస్యం చేయను. సఫారీ జీపులో కూర్చున్నవాడికి జంతువు కనిపిస్తే టికెట్టు గిట్టుబాటైనట్టు. వజ్రపుకొత్తూరు తోటలో కనిపించకపోతేనే ఆ రోజు కూలి గిట్టుబాటైనట్టు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే పెలికాన్ పక్షుల్ని అప్రెంటిస్‌షిప్‌లో చేర్చలేదు. ఏటా చలికాలానికి వచ్చి, పిల్లల్ని పెంచుకుని, చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాయి. మన ఎన్నారైలకు అదంతా ముందే తెలుసు.

ఇంత కసరత్తు తర్వాత సభ మొగ్గు కోస్టారికా వైపు తేలింది. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశం. ఆకులు కోసి గొడుగుల్లా నెత్తిన పెట్టుకుని బారులు తీరే చీమలుంటాయి. ఆ ఆకుల్ని అవి తినవు. పుట్టలో వాటి మీద బూజు పండించి దాన్ని తింటాయి. పైగా అక్కడ పింఛనుదార్లకు ప్రత్యేక వీసా ఉంది, జీవితాంతం నెలకు వెయ్యి డాలర్ల పింఛను వస్తుందని చూపిస్తే చాలు. మావాడికి పింఛను రావడానికి ముందు ఉద్యోగం రావాలి కాబట్టి వాడికి పనికిరాలేదు. కానీ సభకు ప్రేక్షకుడిగా వచ్చిన పక్కింటి రిటైర్డ్ లెక్కల మేష్టారు ఈ మాట పట్టుకున్నారు.

ఆయన జీవితంలో చీమను ముగ్గుపిండి గీత కోణంలోంచి తప్ప చూడలేదు. అయినా కాగితం తీసుకుని గుణించారు. వెయ్యి డాలర్లంటే ఇప్పటి మారకంలో ఎనభై అయిదు వేల పైమాటే. తన పింఛను అంత లేదు. రావలసిన డీఏ బకాయిలన్నీ కలిపి, వాటికి వడ్డీ కట్టి, నెలలకు పంచితే మాత్రం గీత దాటుతోంది. ఆ లెక్కను ఆయన మర్నాడే పింఛనుదార్ల సంఘం సమావేశంలో పెట్టారు. అజెండాలో మొదటి అంశం డీఏ బకాయిలు, రెండోది కోస్టారికా చీమలు. మొదటిది తేలేదాకా రెండోదాన్ని వాయిదా వేయాలని సభ్యులంతా ఏకగ్రీవంగా తీర్మానించారు.