ఒత్తిడి క్లాసులు ఆపండి, పనిలో మాట చెల్లనివ్వండి

పని ఒత్తిడి భరించలేకపోతున్నామని ఉద్యోగులు మొర పెట్టుకుంటే చాలా సంస్థలు ముందుగా చేసేది ఒక నిపుణుణ్ని పిలిపించి క్లాసు పెట్టించడం. ఊపిరి ఎలా పీల్చాలి, మనసును ఎలా నిబ్బరంగా ఉంచుకోవాలి అని ఆయన చెప్పి వెళ్తారు. పని గంటలు మారవు, గడువులు మారవు. తట్టుకోలేకపోవడం ఉద్యోగి లోపమన్నట్టు, దాన్ని సరిచేసుకునే బాధ్యత కూడా ఉద్యోగి నెత్తినే పడుతుంది. మానసిక ఆరోగ్యం పేరుతో సాగుతున్న ఈ పద్ధతి తప్పు అని గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది.

2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 97 కోట్ల మంది, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాటిలో ఆందోళన రుగ్మతలు, డిప్రెషన్ ముందు వరుసలో ఉంటాయి. అయితే ఒత్తిడి వేరు, రుగ్మత వేరు. పరీక్ష ముందు గుండె దడదడలాడితే అది జబ్బు కాదు, పరీక్ష అయిపోతే దడ తగ్గుతుంది. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వాటితోపాటు నిద్రా ఆకలీ చెడిపోవడం రెండు వారాలైనా వదలకపోతే డిప్రెషన్ కావచ్చు, డాక్టరును కలవాలి. నెలల తరబడి అన్నిటికీ అదుపులేని కంగారు ఉన్నా, ప్రాణం పోతుందేమోనన్నంత భయం ఉన్నట్టుండి ముంచుకొచ్చి కొన్ని నిమిషాల్లోనే తారస్థాయికి చేరే పానిక్ అటాక్‌లు మళ్లీ మళ్లీ వస్తున్నా అంతే. వీటికి మందులున్నాయి, మాటలతో సాగే చికిత్స అయిన సైకోథెరపీ ఉంది, ఎక్కువ మంది కోలుకుంటారు. అలాంటివాళ్లకు ‘టెన్షన్ పడకు’ అని చెప్పి పంపేస్తే చికిత్స ఆలస్యమవుతుంది.

ఒత్తిడి రుగ్మత కాకపోయినా, ఏళ్ల తరబడి వదలని ఒత్తిడి రుగ్మతకు దారి తీయగలదు. ఒత్తిడిలో శరీరం విడుదల చేసే కార్టిసాల్ లాంటి హార్మోన్లు కాసేపటి ఆపదను ఎదుర్కోవడానికి పనికొస్తాయి. ఆపద రోజూ ఉంటే అవే నిద్రను, రక్తపోటును, మనసును దెబ్బతీస్తాయి. మరి ఎలాంటి పని మనిషిని ఇంతగా నలిపేస్తుంది?

దీనికి నాకు తెలిసిన అన్నిటికన్నా బలమైన సమాధానం బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాల నుంచి వచ్చింది. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం లండన్‌లోని వేలాది మంది పురుష ఉద్యోగుల ఆరోగ్యాన్ని ఏళ్లపాటు గమనించింది. పెద్ద నిర్ణయాల భారం మోసే పై అధికారులకే గుండెపోటు ముప్పు ఎక్కువని అప్పటి నమ్మకం. తేలింది దానికి పూర్తిగా తలకిందులు. హోదాలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా మిగిలే ఉంది. వీళ్లెవరూ తిండికి లేనివాళ్లు కారు, అందరివీ నెల నెలా జీతం వచ్చే ఉద్యోగాలే. 1985లో ప్రజారోగ్య పరిశోధకుడు మైఖేల్ మార్మట్ ఆధ్వర్యంలో మహిళలను కూడా కలుపుకుని రెండో అధ్యయనం మొదలైంది. తన పని మీద తనకు అదుపు లేకపోవడం ఈ తేడాకు ఒక ముఖ్య కారణమని అందులో బయటపడింది. భారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్నచోటే మనిషి ఎక్కువ నలుగుతాడని అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరసెక్ 1979లోనే సిద్ధాంతీకరించారు. పది గంటలు పనిచేసే ఇద్దరిలో ఎప్పుడు ఆగాలో తానే నిర్ణయించుకునేవాడికీ, లేవడానికి కూడా అనుమతి అడగాల్సినవాడికీ ఆ పది గంటలు ఒకటి కావు.

ధ్యానం, ఆలోచనా ధోరణిని మార్చుకునే మెళకువలు మేలు చేయవా అని అడగొచ్చు. చేస్తాయి. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960ల్లో రూపుదిద్దిన కాగ్నిటివ్ థెరపీ, అంటే ఆలోచనా ధోరణిని మార్చే చికిత్స, డిప్రెషన్‌కు నిలబడ్డ చికిత్స. కానీ రోగికి థెరపిస్టు ఇచ్చే చికిత్సనూ, పని పరిస్థితులు మార్చకుండా సంస్థ పెట్టే క్లాసునూ ఒకే గాటన కట్టకూడదు. బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సర్వేను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ విశ్లేషించారు. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. ఒత్తిడి నియంత్రణ శిక్షణలు, వెల్‌బీయింగ్ యాప్‌లు వాడినవాళ్లు వాడనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు.

నా దృష్టిలో ఇది ఆఫీసుతో ఆగే విషయం కాదు. తన రోజు మీద తనకు హక్కు ఉందా అన్నదే అసలు ప్రశ్న. రేపటి షిఫ్టు ఏదో ఈ రాత్రి దాకా తెలియని కార్మికుడు, ఫోన్ యాప్ ఎటు తిప్పితే అటు పరుగెత్తే డెలివరీ కుర్రాడు, ఇంట్లో అందరి అవసరాల మధ్య తన రోజు ముక్కలైపోయే స్త్రీ... వీళ్లందరికీ కొరవడింది ఒకటే. సమయం మీద అధికారం కూడా సంపదలాగే కొందరి చేతుల్లో పోగుపడింది. అది లేనివాళ్లకు మనం ఓర్పు నేర్పుతున్నాం. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే ప్రకటించాయి. ఆ ముప్పును ఏ శ్వాస వ్యాయామం తగ్గిస్తుంది?

గనిలో దుమ్ము లేస్తుంటే కార్మికుడి ఊపిరితిత్తులకు కసరత్తు నేర్పించి ఊరుకోం, దుమ్మును అదుపు చేయమని యజమానిని అడుగుతాం. ఇక్కడా అడగాల్సినవి ఉన్నాయి. షిఫ్టుల పట్టిక వారాల ముందే చేతికి ఇవ్వాలి. పని వేళలు దాటాక వచ్చిన మెసేజ్‌కు జవాబివ్వకపోతే తప్పుగా లెక్కించకూడదు. మానసిక రుగ్మత చికిత్సకు మిగతా జబ్బులకు ఇచ్చినట్టే జీతంతో సెలవు ఇవ్వాలి. గడువు ఖరారు చేసే సమావేశంలో ఆ పని చేయాల్సినవాళ్లకు కుర్చీ వేయాలి, ఆ గడువు కుదరదని చెప్పే హక్కు కూడా ఇవ్వాలి.